బుధు తాత ముందుకొచ్చాడు

పైడిరాజు కోతల్లోనూ దిట్ట, కోతలోనూ దిట్ట. కోతలు నోటితో కోస్తాడు, కోత కట్టరుతో కోస్తాడు. కట్టరని పేరే గానీ దానికి కట్టడం రాదు, కొయ్యడమొక్కటే వచ్చు. వాళ్ళ నాన్న అరకులో స్టూడియో పెట్టిన కొత్తలో విజయనగరంలో కొన్నది. అంచుకి రంపంలా పళ్ళుంటాయి. దాంతో కోస్తే ఫోటో అంచు బిస్కెట్టు అంచులా వంకర్లు తిరుగుతుంది. ఈ రోజుల్లో అలాంటి అంచు ఎవరికీ అక్కర్లేదు. అయినా అరకులో పాస్‌పోర్టు ఫోటో కావలసినవాడు పైడిరాజు పళ్ళ కిందికి రావలసిందే.

స్టూడియో పేరు శ్రీ కనకమహాలక్ష్మి డిజిటల్ స్టూడియో. అది అమ్మవారి పేరని గిరాకీలకి చెబుతాడు. ఇంట్లో ఉన్న కనకమహాలక్ష్మికి మాత్రం "నీ పేరేనే" అని చెబుతాడు. ఇద్దరూ నమ్మారు కనక ఇంటా బయటా గొడవ లేదు.

పద్నాలుగో ఏట కార్కు బంతి తగిలి పైడిరాజు ఎడమకన్ను పోయింది. ఇప్పుడక్కడున్నది గాజుకన్ను. "కెమెరాకీ ఒకటే కన్ను, నాకూ ఒకటే కన్ను. అందుకే మా జోడీ కుదిరింది" అంటాడు. ఒంటికన్నువాడికి ఒంటికన్నా స్టూడియో ముఖ్యం అని తన మీద తనే జోకు వేసుకుని, ఎదుటివాడి కంటే ముందు తనే నవ్వేస్తాడు. నవ్వితే పోని చిక్కు ఒకటుంది. ఒక్క కంటికి దూరం సరిగ్గా అందదు. కాఫీ గ్లాసు ఇక్కడుందనుకుంటే అక్కడుంటుంది. దానికి పైడిరాజు కనిపెట్టిన ఉపాయం, తలని కుడికీ ఎడమకీ ఊపి చూడటం. అలా ఊపినప్పుడు ఎక్కువ కదిలేది దగ్గరి వస్తువు. కదలకుండా కూర్చున్నది దూరపుది. ముప్పై ఎనిమిదేళ్ళుగా గ్లాసులూ గడపలూ గేదెలూ అన్నిటినీ అలాగే కొలుస్తున్నాడు. తెలియనివాళ్ళు మాత్రం, "ఏటి బావూ, కాదంటన్నావా?" అని అడుగుతారు.

రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం, సంత రోజున, పనసగుడ నుంచి సోములమ్మ వచ్చింది. డెబ్బై అయిదేళ్ళ గదబ తెగ ముసలమ్మ. చింతపండు అమ్మేసి, ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. చంకలోంచి ఎండిన ఆనపబుర్ర తీసి, అందులోంచి ఒక అట్ట బయటికి లాగింది. వందేళ్ళ పైగా పొయ్యి మీది అటకన పొగ తాగి తాగి అట్ట కాఫీ రంగుకి తిరిగింది. పొగ పుణ్యమా అని పురుగు మాత్రం ముట్టలేదు.

"మా తాత బుధు. పటం కట్టియ్యి బావూ. బేగి ఎల్లాలి, జీపు ఎల్లిపోతాది."

అట్ట మీద పక్కపక్కనే రెండు బొమ్మలున్నాయి. రెండింటిలోనూ అదే కొండ, అవే రాళ్ళు. అదే రాతి మీద అదే మనిషి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఎవరికీ బాకీ లేనట్టు కూర్చున్నాడు.

"ఎవరు తీశారు మామ్మా?"

"దొర. బొర్రా గుహలు సూడ్డానికొచ్చినాడంట. సామాన్ల పెట్టి మోసుకొచ్చినోడు మా తాతే. మా సదరు కాడికొచ్చీసరికి, 'ఆ పెద్ద రాయి మీద కూకో' అన్నాడంట దొర. తాత కూకోనన్నాడు."

"ఎందుకు?"

"పెద్ద రాయి మరో ఇంటోలిది. ఎవులి రాయి మీద ఆలే కూకోవాలి. దొర అరిసినాడు, గెంతినాడు. తాత ఎల్లి మా రాయి మీద కూకున్నాడు. 'తీత్తే తీయి, నేకపోతే పెట్టి నువ్వే మోసుకో' అన్నాడంట. దొర నోరు మూసుకుని తీసినాడు. మరసటేడు మళ్ళీ వచ్చినప్పుడు ఈ అట్ట ఇచ్చినాడు."

సదరు అంటే గదబల ఊరి మధ్య రాళ్ళు నాటిన చోటు. పెద్దలు కూర్చుని మాట్లాడుకునేదీ, పోయినవాళ్ళని తలుచుకునేదీ అక్కడే. ప్రభుత్వ కాగితాల్లో వాక్యానికో 'సదరు' ఉంటుంది గానీ, కూర్చోవడానికి పనికొచ్చే సదరు గదబల దగ్గరే ఉంది.

దొర కథ విని పైడిరాజు బాగా నవ్వాడు. నవ్వుతూనే అట్టని కట్టరు కింద పెట్టాడు. పక్కపక్కన ఒకేలాంటి రెండు బొమ్మలు కనిపిస్తే కొయ్యడం తప్ప ఆ చేతికి మరో పని తెలియదు. కటుక్కుమంది. అట్ట రెండైంది.

"రెండూ ఒకటేనా?" అంది సోములమ్మ.

"కవలపిల్లలు మామ్మా. చుక్క తేడా లేదు."

"అయితే ఒకటి నీ కాడుంచు. మా ఇల్లు కాలిపోయినా మీ ఇంట ఉంటాది."

ఒక సగానికి పటం కట్టి ఇచ్చాడు. రెండో సగం స్టూడియో అద్దాల బీరువాలో పెట్టాడు. అక్కడ దాన్ని మేఘమాల హిల్ రిసార్ట్స్ మేనేజరు భాస్కర్ చూశాడు. పేరుకి భాస్కరుడే గానీ మేఘమాలలో ఉద్యోగం కావడంతో, కనిపించినట్టే కనిపించి మాయమవుతుంటాడు. "మా రిసెప్షన్ గోడకి హెరిటేజ్ లుక్ వస్తుందండీ, ఇలా ఇవ్వండి" అన్నాడు. కవలల్లో ఒకటి పోతే ఏమిలే అనుకుని పైడిరాజు ఇచ్చేశాడు. ఎన్‌లార్జ్ చెయ్యడానికి స్కాన్ చేసిన ఫైలు మాత్రం కంప్యూటర్లో ఉండిపోయింది. ఇవ్వకముందు సోములమ్మని అడగాలని మాత్రం అతనికి తోచలేదు.

ఇదంతా రెండేళ్ళ కిందటి మాట.

మొన్న ఒక సోమవారం మధ్యాహ్నం సోములమ్మ స్టూడియోలోకి సుడిగాలిలా వచ్చి, పటాన్ని బల్ల మీద పెట్టిన పెట్టుకి దాని అద్దం ఫెళ్ళున పగిలింది.

"నువ్వు కోసిన బొమ్మ మా గొంతు కోత్తంది బావూ!"

వెనకాలే ఆమె తమ్ముడి కొడుకు గాసి వచ్చాడు. ఊరి తరఫున మాట్లాడే పెద్ద ఇప్పుడతనే. సంగతి చెప్పాడు. పనసగుడ సదరు ఉన్నది గెడ్డ అంచున, కొండవాగు కోసిన లోతు అంచున. లోయంతా అక్కణ్ణించి విప్పి పరిచినట్టు కనిపిస్తుంది. రిసార్టు వాళ్ళు అక్కడ వ్యూ పాయింటు కడతారట. గెడ్డ మీదుగా అవతలి కొండ ఏనుగుమెట్ట దాకా గాజు వంతెన వేస్తారట. ఊరు ఒప్పుకోలేదు. సదరు తాతల నాటినుంచీ అక్కడే ఉందని అర్జీ పెట్టింది. దానికి భాస్కర్ జవాబు రాశాడు. ఈ రాళ్ళు పాతవి కావు, మా ప్రాజెక్టు సంగతి తెలిశాక జేసీబీతో తెచ్చి పాతారు, అసలు రాళ్ళు గెడ్డ అవతల ఏనుగుమెట్ట పాదంలో ఉండేవి, దానికి సాక్ష్యం నూట ఇరవై ఏళ్ళనాటి ఫోటో.

"ఏదీ, ఆ ఫోటో?"

"నీ ఫోటోయే" అన్నాడు గాసి.

పైడిరాజు పటంలోకి చూశాడు. నిజమే. బుధు తాత వెనక్కీ, రాళ్ళ వెనక్కీ కొండ అతుక్కుని ఉంది. మధ్యలో గెడ్డ లేదు. ఇవతలి గట్టు మీది గడ్డీ, అవతలి వాలులోని చెట్లూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, రాళ్ళు కొండ పాదంలోనే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఎవరు చూసినా భాస్కర్ మాటే నిజమంటారు.

"గురువారం సబ్ కలెక్టరమ్మ చూడ్డానికొస్తాది" అన్నాడు గాసి. "రాళ్ళు ముందునుంచీ అక్కడే ఉన్నాయంటే చోటు ఊరిది. తెచ్చి పాతినవంటే వంతెనది. ఆ రోజే తేల్చేస్తామన్నారు."

"రాళ్ళ మీద పాచి చూపిస్తే?"

"సూపించినాం. ఆ పాచికి పుట్టినరోజు సర్టిఫికెట్టు ఉందా అన్నాడు ఆ భాస్కరు."

సోములమ్మ పగిలిన అద్దంలోంచి గాజు పెంకులు ఒక్కొక్కటే ఏరి బల్ల మీద వరసగా పెడుతోంది. పైడిరాజుకి జోకు తట్టలేదు. పెళ్ళిలో, పేరంటంలో, చివరికి పంటి వైద్యుడి కుర్చీలో కూడా తట్టిన జోకు ఇప్పుడు తట్టలేదు.

చేతులు ఊరికే ఉండలేక ఆ సగాన్ని స్కాన్ చేశాడు. పాత ఫైలు కూడా తెరిచాడు. రెండింట్లో ఏది తేటగా ఉందో చూద్దామని కీబోర్డు మీద ఎడమ బాణం నొక్కాడు, కుడి బాణం నొక్కాడు. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ.

బుధు తాత కదిలాడు.

పైడిరాజు వేలు ఆగింది. మళ్ళీ నొక్కాడు. బుధు తాత అటు జరిగాడు, ఇటు జరిగాడు. ఆయన కింది రాయి ఆయనతోపాటే జరిగింది. ముందున్న రాళ్ళు ఇంకాస్త ఎక్కువ జరిగాయి. కొండ మాత్రం కూర్చున్నచోటే కూర్చుంది.

"ఓరి నాయనో" అన్నాడు పైడిరాజు. "ఇది నా తల!"

"ఏటయ్యింది నీ తలకి?" అంది సోములమ్మ.

"నేను తల ఊపితే దగ్గరిది కదుల్తుంది, దూరంది కదలదు. ఇక్కడ నా బదులు దొర కెమెరా ఊపింది మామ్మా! ఇవి కవలలు కావు. ఒకటి కుడికంటి చూపు, ఒకటి ఎడమకంటి చూపు. తాత కొండ దగ్గర లేడు. కొండకి చాలా ముందున్నాడు!"

రెండు కళ్ళున్నవాడైతే రెండు బొమ్మలూ చూసి ఒకటే అనుకుని ఊరుకునేవాడు. తల ఊపుకుంటూ బతికినవాడు కాబట్టి పట్టుకున్నాడు. కోసిందీ అతనే, పట్టుకున్నదీ అతనే. పోలీసూ దొంగా ఒకే చొక్కాలో ఉన్నట్టయింది.

పన్నెండేళ్ళప్పుడు జాతరలో చూసిన ఆటవస్తువొకటి గుర్తొచ్చింది. రెండు కన్నాలున్న ఎర్రపెట్టె. కళ్ళకి ఆనించుకుంటే చార్మినారు మినార్లు వచ్చి ముక్కుకి తగిలేవి. అప్పటికి రెండు కళ్ళూ ఉన్నాయి. సాయంత్రం దాకా ఫోన్లో వెతికి మిగతాది తెలుసుకున్నాడు. ఆ కాలంలో దొరలు రెండు కళ్ళ కెమెరాలు పట్టుకుని గోపురాలూ గుహలూ కోటలూ వెతుక్కుంటూ దేశదేశాలు తిరిగేవారు. వాళ్ళ దేశంలో ఇంటింటా ఒక చెక్కపెట్టె ఉండేది. అట్ట అందులో పెట్టి చూస్తే బొమ్మ లోతుగా కనిపించేది. కుర్చీలోంచి లేవకుండా లోకమంతా చూసేసేవారు. గోపురం ఎంత ఎత్తుందో తెలియడానికి పక్కన ఒక మనిషిని నిలబెట్టేవారు. ఆ మనిషి వాళ్ళకి కొలబద్ద. కొలబద్దకి పేరెందుకు? అందుకని అట్టల మీద దొర పేరు దొరుకుతుంది, కొండ పేరు దొరుకుతుంది. కూర్చున్నవాడి పేరే దొరకదు.

మర్నాడు పైడిరాజు కనకమహాలక్ష్మి కొత్త చెప్పుల డబ్బా ఖాళీ చేశాడు. కళ్ళజోళ్ళ కొట్లో అన్నిటికంటే ఎక్కువ పవరున్న దగ్గరచూపు జోడు తెచ్చి డబ్బాకి ఒక చివర బిగించాడు. రెండో చివర, రెండు కళ్ళ మధ్య ఎంత ఎడముందో అంతే ఎడంగా, రెండు బొమ్మలూ చిన్నవిగా ప్రింటు తీసి అతికించాడు. ఒక కంటి బొమ్మ రెండో కన్ను చూడకుండా మధ్యలో అట్ట అడ్డం పెట్టాడు. పెట్టె తయారైంది. తయారు చేసినవాడికే అది పనిచేస్తుందో లేదో తెలిసే దారి లేదు. రెండు కళ్ళ పెట్టెని ఒక్క కన్నుతో ఎలా పరీక్షిస్తాడు?

సోములమ్మకి కంటి శిబిరంలో రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. ఆ సాయంత్రం ఆమె మళ్ళీ రాగానే డబ్బా చేతికిచ్చాడు.

"ఏటి కనబడతంది మామ్మా?"

"ఇద్దరు తాతలు."

"కాసేపు చూడు. కంగారు పడకు."

సోములమ్మ డబ్బా కళ్ళకి అదుముకుని కూర్చుంది. ఉన్నట్టుండి "అయ్యబాబోయ్" అంది.

"ఏమైంది?"

"తాత గోతిలో పడిపోనాడు! కొండొచ్చి నా ముక్కు మీద కూకుంది!"

పైడిరాజు డబ్బా వెనక్కి లాక్కున్నాడు. ఇది భాస్కర్ రాసిన దానికన్నా ఘోరం. బల్ల మీద తల ఆనించి ఆలోచించాడు. కుడికంటిది ఎడమకంటికి పెడితే లోకం తిరగబడదూ? చెప్పు కుడిది ఎడమకాలికి తొడిగితే నడక తిరగబడినట్టు! బొమ్మలు పీకి, అటుదిటు, ఇటుదటు అతికించి మళ్ళీ ఇచ్చాడు.

ఈసారి సోములమ్మ డబ్బాని ఇంకా గట్టిగా అదుముకుంది. ఒక చెయ్యి మెల్లగా లేచి, డబ్బా ముందు గాల్లో దేన్నో తడిమింది. అక్కడ ఏమీ లేదు, పైడిరాజు పొట్ట తప్ప.

"మామ్మా?"

"నాను పుట్టీసరికే పోనాడు బావూ. ఇప్పుడు సూత్తన్నాను. మోకాలి సిప్ప కూడా గుండుగా ఉంది." గాల్లోనే వేలు పెట్టి లెక్కపెట్టింది. "తాత ముందర రెండు రాళ్ళు. పక్కన సిన్నది. ఎనకాల పెద్దరాయి. దాని ఎనక గెడ్డ గొయ్యి. కొండ అవతలెక్కడో ఉంది."

గురువారం పొద్దున్న పనసగుడ సదరు దగ్గర ఊరంతా ఉంది. సబ్ కలెక్టర్ గారు జీపు దిగి, కళ్ళజోడు తుడుచుకుని, రాళ్ళనీ లోయనీ కలియజూశారు. భాస్కర్ తన సగాన్ని బంగారు ఫ్రేములో తెచ్చాడు. దాన్నే బ్యానరంత పెద్దది చేసి రెండు కర్రల మధ్య నిలబెట్టాడు కూడా.

"చూడండి మేడమ్. రాళ్ళు, వెనకాలే ఏనుగుమెట్ట. మధ్యలో లోయ ఉందా? లేదు. మాకు రాళ్ళంటే గౌరవమే మేడమ్. వాటి ఒరిజినల్ ప్లేసులో ఉంటే ఇంకా గౌరవం."

వ్యూ పాయింటు వాళ్ళ పాయింటాఫ్ వ్యూ ఇదీ. సబ్ కలెక్టర్ గారు బ్యానరు వైపు చూసి, గాసి వైపు తిరిగారు. "ఫోటోలో అలాగే ఉంది కదండీ?"

"అది సగం ఫోటోయే మేడమ్" అన్నాడు పైడిరాజు, చెప్పుల డబ్బా పట్టుకుని ముందుకొస్తూ. దారిలో రాయి ఎంత దూరముందో తేల్చుకోవడానికి తల ఊపాడు.

"ఏంటి, కాదంటున్నారా?" అన్నారామె.

"కాదనే అంటున్నాను మేడమ్. ఒక్క నిమిషం ఇందులోకి చూడండి."

అధికారి చెప్పుల డబ్బాలో మొహం పెట్టగానే జనంలో కిసకిసలు మొదలయ్యాయి. ఆమె మాత్రం నవ్వలేదు. డబ్బాలోంచే గొంతు వినిపించింది. "మనిషి ముందు రెండు రాళ్ళు... పక్కన చిన్నది... వెనక పెద్దది. దాని వెనక..." ఆగిపోయారు. "దాని వెనక ఏమీ లేదు. లోయ! కొండ దాని అవతలుంది!"

పనసగుడ ఒక్కసారి హోరెత్తింది. ఆ సంబరంలో సోములమ్మ నోరు కూడా తెరుచుకుంది.

"మొన్న మొదట సూసినప్పుడు కొండే ముందుకొచ్చీసింది తల్లీ! ఈ బావు బొమ్మలు అటుదిటు మార్సినాక గానీ తాత ముందుకి రాలేదు."

అబద్ధం ఆడటం ఆమెకి రాదు. నిజం ఎప్పుడు ఆపుకోవాలో అంతకన్నా రాదు. పైడిరాజు గుండె గెడ్డలోకి జారింది.

"విన్నారా మేడమ్!" భాస్కర్ ఎగిరి గంతేశాడు. "మారిస్తే కొండ ముందుకి, మళ్ళీ మారిస్తే మనిషి ముందుకి. వీళ్ళకి కావలసినట్టు అతికించుకున్నారు. ఏది కుడో, ఏది ఎడమో ఎవరు చెప్పాలి?"

సబ్ కలెక్టర్ గారు డబ్బా కిందికి దించారు. "న్యాయమైన ప్రశ్నే. ఏది కుడి, ఏది ఎడమ? మీకెలా తెలుసు?"

పైడిరాజు చుట్టూ చూశాడు. సగం అరకు అక్కడుంది. పెళ్ళి ఫోటోలు తనతో తీయించుకున్నవాళ్ళు, తీయించుకోబోయేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా "నా చేతి కోత కంప్యూటరు కూడా కొయ్యలేదు" అని వీళ్ళందరి ముందూ కోసిన కోతలు గుర్తొచ్చాయి. జవాబు అతని దగ్గరుంది. కానీ అది చెప్పాలంటే మరొకటి కూడా చెప్పాలి.

"తెలుసు మేడమ్" అన్నాడు. "ఎందుకంటే కోసింది నేనే."

"ఏం కోశారు?"

"ఇది ఒకటే అట్ట. సోములమ్మ గారు నన్ను నమ్మి ఇచ్చారు. వందేళ్ళు పురుగు కూడా ముట్టుకోనిదాన్ని నేను అరనిమిషంలో రెండు ముక్కలు చేశాను. పాస్‌పోర్టు ఫోటోలనుకున్నాను. చదువుకున్నవాడెవడూ చెయ్యని వెధవ పని. పైగా ఆవిడ దాచమన్న సగాన్ని ఆవిడని అడక్కుండా ఈయనకిచ్చాను."

జనంలో ఎవరో, "ఓరి నీ కోత తగలెయ్య!" అన్నారు.

"తగలెయ్యకండి, ఆ కోతే ఇప్పుడు పనికొస్తుంది. భాస్కర్ గారూ, మీ ఫ్రేము విప్పండి."

భాస్కర్ ఫ్రేముని గుండెకి హత్తుకున్నాడు. "ఇది మా సాక్ష్యం. ఎందుకు విప్పాలి?"

"సాక్ష్యమైతే మొహం దాచుకోదు. విప్పండి" అన్నారు సబ్ కలెక్టర్ గారు.

ఫ్రేము విప్పారు. సోములమ్మ సగం, భాస్కర్ సగం బుధు తాత కూర్చున్న రాతి మీదే పక్కపక్కన పెట్టారు. ఒక్కో సగానికీ ఒక్కో అంచు మాత్రమే వంకర్లు తిరిగి ఉంది. మిగతావి దొర ఫ్యాక్టరీలో కోసిన తిన్నటి అంచులు. సోములమ్మ సగానికి వంకర అంచు కుడివైపు. భాస్కర్ సగానికి ఎడమవైపు. పైడిరాజు రెండింటినీ దగ్గరికి జరిపాడు. అతని నాన్న కట్టరు పళ్ళు ఒకదాంట్లో ఒకటి దిగాయి. ఎక్కడా వెంట్రుకంత సందు లేదు. కట్టరుకి కట్టడం రాదన్న మాట ఆ రోజుతో అబద్ధమైపోయింది.

"తారుమారు చేసి కలపండి చూద్దాం" అన్నాడు పైడిరాజు.

భాస్కర్ తారుమారు చేశాడు. తిన్నటి అంచు తిన్నటి అంచుకి తగిలింది, వంకర్లు రెండూ చెరోవైపు గాల్లో పళ్ళు ఇకిలించాయి. తిరగేశాడు, మరగేశాడు. ఒకే ఒక్క తీరున తప్ప అట్ట అతకనంది.

సబ్ కలెక్టర్ గారు కలిసిన అట్టని వెనక్కి తిప్పించారు. అక్కడ ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఇన్నాళ్ళూ ఒక సగం మీద తలా, ఒక సగం మీద తోకా ఉండటంతో ఎవరికీ అర్థం కాని అక్షరాలు. ఇప్పుడు గట్టు దాటి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆమె తెలుగులో చదివారు. "నలభై ఏడో నంబరు దృశ్యం. లోయ అంచున పురాతన శిలలు. వాటి మీద కూర్చున్న స్థానిక కూలీ."

"లోయ అంచున" అని రెండోసారి చదివారు. ఈసారి భాస్కర్ వైపు చూస్తూ.

అట్ట కలిసిన వరస చూసుకుని, డబ్బాలో అదే వరసలో బొమ్మలున్నాయని సరిపోల్చుకుని, ఆమె మళ్ళీ కళ్ళకి పెట్టుకున్నారు. "ఈ మనిషి రాయి ఏది?"

గాసి నడిచి వెళ్ళి మూడో రాతి మీద కూర్చున్నాడు. అతని వెనకాలే ఒక్కో ఇంటి పెద్దా వెళ్ళి ఎవరి రాతి మీద వాళ్ళు కూర్చున్నారు. ముందు ఇద్దరు, పక్కన ఒకరు, వెనక పెద్దరాతి మీద ఒకరు. ఎవరూ ఎవరినీ జరగమనలేదు. పేరు పిలవకుండా, గీత గియ్యకుండా, ఏ రాయి ఎవరిదో ఊరికి తెలుసు. వాళ్ళ వెనక గెడ్డ లోయ నోరు తెరుచుకుని ఉంది. లోయ అవతల ఏనుగుమెట్ట.

ఆమె డబ్బా దించి చూశారు, ఎత్తి చూశారు, మళ్ళీ దించి చూశారు. డబ్బాలో ఉన్నదీ బయట ఉన్నదీ ఒకటే. మధ్యలో నూట ఇరవై ఏళ్ళు మాత్రం తేడా.

"రాసుకోండి" అన్నారు గుమస్తాతో. "సదరు శిలలు సదరు స్థలంలోనే మొదటినుంచీ..."

"సదరని తల్లికి కూడా తెల్సు!" సోములమ్మ గాసి భుజం మీద చరిచింది. "మన మాట కలెక్టరాఫీసులో కూడా ఉన్నాదిరా!"

సబ్ కలెక్టర్ గారికి నవ్వాగలేదు. నవ్వుతూనే మిగతాది చెప్పి రాయించారు. స్థలం ఊరిదేననీ, ఊరు ఒప్పుకోనిదే అక్కడ గడ్డిపోచ కూడా కదపరాదనీ, రిసార్టు వారి ప్లాను తిప్పి పంపడమైనదనీ. గాజు వంతెన అక్కడికక్కడే కాగితం మీదే భళ్ళుమంది. భాస్కర్ బ్యానరు చుట్టుకుని మేఘాల చాటుకి పోయాడు. రాళ్ళని సార్టు చెయ్యబోయిన రిసార్టు సంగతి అంతటితో సరి.

ఇక చూడాలి పనసగుడ! డప్పులు ఎక్కణ్ణించి వచ్చాయో తెలియదు. చెప్పుల డబ్బా దగ్గర రేషను డిపోకి కూడా లేనంత వరస. చూసినవాళ్ళందరూ చెయ్యి చాపి గాల్లో బుధు తాత మోకాలు తడమబోయారు. కొందరు రెండోసారి వరసలో నిలబడి "మొదటిసారే" అని దబాయించారు.

పైడిరాజు కొంచెం దూరంగా నిలబడ్డాడు. సోములమ్మ వచ్చింది.

"నన్ను తిట్టవేం మామ్మా?"

"తిట్టాలనే వచ్చినాను. నువ్వు అంతమందిలో నీకు నువ్వే తిట్టీసుకున్నావు. ఇంక నాకేటి మిగిల్సినావు?"

"పోనీ నాకూ ఒక రాయి వెయ్యండి ఇక్కడ. కూర్చుంటాను."

"రాయి సచ్చినోలికి ఏత్తారు బావూ. బతికున్నోడివి, నిలబడు."

పైడిరాజు అంత గట్టిగా నవ్వడం ఆ కొండలు ఎప్పుడూ వినలేదు. అలా నవ్వుతూనే సంచీలోంచి కెమెరా తీశాడు. వందేళ్ళ కిందట దొర నిలబడిన చోటు వెతికి, అక్కడే నిలబడ్డాడు. "కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండండి. తుమ్మకండి, దగ్గకండి, పక్కవాడి రాయి ఎక్కకండి!" ఒక ఫోటో తీశాడు. రెండు కళ్ళ మధ్య ఎంత ఎడమో అంత పక్కకి కెమెరా జరిపి రెండోది తీశాడు.

శుక్రవారం సంతకి సోములమ్మ వచ్చేసరికి కొత్త అట్టలు రెండు తయారుగా ఉన్నాయి. ఒకటి పాతదానికి అచ్చు. రెండోది నిన్నటి సదరు. అసలు పాత అట్ట రెండు సగాలూ ఒకే పటంలో, పళ్ళు పళ్ళు కలిపి, ఆమెకే తిరిగిచ్చేశాడు.

"ఎనకాల ఏటి రాసినావు?"

చదివాడు. "గెడ్డ అంచున పనసగుడ సదరు. తన రాతి మీద కూర్చున్నవాడు బుధు." రెండోది తిప్పి, రాతి వరసలో అయిదుగురి పేర్లూ చదివాడు, గాసితో సహా. చివర ఒక చిన్న అక్షరాల వరస కూడా ఉంది. 'కొయ్యరాదు.'

సోములమ్మ అట్ట తీసుకుని డబ్బాలో పెట్టుకుని, సంత జనం మధ్యనే బుట్ట మీద కూర్చుని చూడటం మొదలుపెట్టింది. పైడిరాజు కంప్యూటరు ముందుకెళ్ళాడు. ఎడమ బాణం, కుడి బాణం, ఎడమ, కుడి. బుధు తాత కొండని వెనక్కి వదిలేసి, మోకాలి మీద చెయ్యి తియ్యకుండా, ముందుకొచ్చాడు. ఒంటికంటికి కూడా వచ్చాడు. తెర ముందు పైడిరాజు తల దానంతటదే కుడికీ ఎడమకీ ఊగింది.

బయటినుంచి సోములమ్మ డబ్బా దించి చూసింది. "ఏటి బావూ, కాదంటన్నావా?"

"లేదు మామ్మా" అన్నాడు పైడిరాజు. "చూస్తున్నాను."